కణం తినే ఉప్పులు

పోయిన అక్టోబరులో ఒక ఆదివారం మన బడిలో పై తరగతి పిల్లలకి షడ్రుచుల గురించి చెబుతున్నాను. ఉప్పు, పులుపు, కారం, తీపి, చేదు, వగరు అని బోర్డు మీద రాసి, ఉప్పు లేకపోతే ఏమవుతుందో చెప్పమన్నాను. "పప్పు చప్పగా ఉంటుంది" అని ఒకడు, "బీపీ తగ్గుతుంది" అని ఇంకొకడు అన్నారు. అందరూ నవ్వారు. వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. క్లాసు అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "అంకుల్, మా తాతగారికి కేన్సర్ వచ్చింది. ఇండియా నుంచి ఎవరో ఫోన్ చేసి ఐరన్ మాత్రలు ఆపేయమన్నారు. ఐరన్ కేన్సర్‌కి తిండట కదా, నిజమేనా?" అని అడిగింది.

నేను పొట్టకూటికి చేసే పని జీవకణాలని సీసాల్లో పెంచడం. అయినా ఆ పిల్లకి నిలబడ్డపళాన జవాబు చెప్పలేకపోయాను. అవునంటే సగం అబద్ధం, కాదంటే ఇంకో సగం అబద్ధం. "వచ్చే వారం చెబుతానమ్మా" అన్నాను. వచ్చే వారం కాస్తా ఈ సంచిక దాకా వచ్చింది. కాబట్టి ఇది ముందుగా ఆ అమ్మాయికి, ఆ తరవాత ఇళ్ళల్లో మాత్రల సీసాలు వరసగా పేర్చుకున్న మనందరికీ.

పిల్లలూ, మీలో చాలామంది ఆసుపత్రిలో సెలైన్ సీసా చూసే ఉంటారు. అందులో ఒక రకానికి రింగర్ లాక్టేట్ అని పేరు. ఆ రింగర్ ఒక మనిషి. సిడ్నీ రింగర్ అనే లండన్ వైద్యుడు 1880లలో కప్ప గుండెని బయటికి తీసి, ఉప్పునీళ్ళలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూసేవాడు. ఉప్పునీళ్ళలో బ్రహ్మాండంగా కొట్టుకుంటోందని 1882లో రాసేశాడు. తీరా చూస్తే, ఆయన సహాయకుడు స్వచ్ఛమైన బట్టీ నీళ్ళకి బదులు కుళాయి నీళ్ళతో ఆ ద్రావణం చేశాడని తేలింది. నిజమైన బట్టీ నీళ్ళతో చేసి చూస్తే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. లండన్ కుళాయి నీళ్ళలో సున్నపు పాలు ఎక్కువ. అందులోని కాల్షియమే గుండెని ఆడించింది. రింగర్ తన పొరపాటుని 1883లో తానే ఒప్పుకుంటూ మళ్ళీ రాశాడు. ప్రాణమున్న కణం కేవలం అన్నంతో బతకదని, దానికి కొన్ని ఖనిజాలు సరైన పాళ్ళలో కావాలని లోకానికి ముందుగా తెలిసినది ఇలాంటి పొరపాట్ల వల్లనే.

డెబ్భై ఏళ్ళ తరవాత అమెరికాలో హారీ ఈగిల్ అనే ఆయన ఇదే పని ఒక పద్ధతి ప్రకారం చేశాడు. అప్పటికి కేన్సరు కణాలని ప్రయోగశాలలో పెంచడం కుదిరింది. 1951లో బాల్టిమోరులో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి గర్భాశయ ముఖద్వారపు కేన్సరు నుంచి, ఆమె అనుమతి లేకుండా తీసిన కణాలు అవి. ఈ రోజుకీ పెరుగుతూనే ఉన్నాయి. ఈగిల్ ఆ కణాల ఆహారంలోంచి ఒక్కొక్క వస్తువే తీసేసి చూశాడు, ఏది లేకపోతే కణం చస్తుందో అని. ఉప్పుల వరకూ వస్తే సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు, ఫాస్ఫేటు తప్పనిసరి అని తేలింది. ఇనుము, జింకు లాంటివి లేశమాత్రం చాలు. అవి దూడ రక్తం నుంచి తీసిన సీరంతో పాటు ఎలాగూ వచ్చేస్తాయి. ఈ రోజు నేను ఫ్రిజ్ తెరిచి తీసే ఎర్రటి ద్రావణపు సీసా మీద కూడా ఈగిల్ పేరు ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. కేన్సరు కణం మామూలు కణం కన్నా ఎక్కువగా పెరుగుతుంది కదా, దానికి ఖనిజాలు ఎక్కువ కావాలా, తక్కువ కావాలా? ఎక్కువే కావాలని మీరు అంటారు. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను. కొన్నిటి విషయంలో అది నిజం. కొన్నిటి విషయంలో కథ సరిగ్గా తిరగబడుతుంది.

ఎక్కువ కావలసిన వాటిలో భాస్వరం ఒకటి. ఒక కణం రెండు కావాలంటే తనలోని డీఎన్ఏ మొత్తానికి ఇంకో ప్రతి రాయాలి. ఆ డీఎన్ఏలో సుమారు 600 కోట్ల జంట అక్షరాలు ఉంటాయి. ప్రతి అక్షరానికీ ఒక భాస్వరం పరమాణువు. అంటే ఒక్క కణం ఒక్కసారి విడిపోవడానికి, డీఎన్ఏ కోసమే, 1200 కోట్ల భాస్వరం పరమాణువులు కావాలన్నమాట! ఆర్ఎన్ఏకి, కణం చుట్టూ ఉండే పొరకి పట్టేది వేరే. ఊపిరితిత్తుల కేన్సరు, పెద్దపేగు కేన్సరు గడ్డల్లో భాస్వరం పాలు పక్కనున్న మంచి కండలో కన్నా ఎక్కువ ఉందని 2007లో జేమ్స్ ఎల్సర్ బృందం కొలిచి చూపించింది. అదే బృందానికి కాలేయం, మూత్రపిండాల గడ్డల్లో అలాంటి తేడా కనిపించలేదు. కేన్సరు ఒక్క జబ్బు కాదు అని వైద్యులు ఎందుకంటారో ఇలాంటి చోట్ల తెలుస్తుంది.

భాస్వరం పేరెత్తి మన వాడి పేరు ఎత్తకపోతే పాపం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922లో బోస్టను వచ్చారు. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. ఆ కొలత చేతికి వచ్చాకే కండలో భాస్వరం ఏ రూపంలో దాగి ఉందో వెతకడం కుదిరింది. 1929లో కణానికి చెల్లుబాటయ్యే నాణెం లాంటి ఏటీపీని వాళ్ళు బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడు. ఏటీపీలో టీ, పీ అంటే మూడు ఫాస్ఫేట్లు. మీరు ఈ వాక్యం చదవడానికి కన్ను కదిపినా ఖర్చయ్యేది అదే.

సుబ్బారావు గారి కథ అక్కడితో ఆగలేదు. ఆయన లెడర్లీ కంపెనీలో ఉండగా ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, రక్త కేన్సరు ఉన్న పిల్లలకి ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ఇంకా ముదురుతున్నట్టు గమనించాడు. అయితే ఫోలిక్ ఆమ్లంలా వేషం వేసుకుని దాని దారికి అడ్డుపడే మందు ఇస్తే? సుబ్బారావు గారి బృందం ఎమినాప్టెరిన్ చేసి ఇచ్చింది. పదహారు మంది పిల్లల్లో పది మందికి కొంతకాలం పాటు జబ్బు వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో రాశాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఫోలిక్ ఆమ్లం ఖనిజం కాదు, విటమిను. అయినా ఎందుకు చెబుతున్నానంటే, కేన్సరు కణానికి తిండి దొరకకుండా చెయ్యవచ్చన్న ఊహ పనిచేసిన చోటు ఇది. కాని ఆ పని చేసింది మందు. తోటకూర మానేసినందువల్ల కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

మెగ్నీషియం గురించి రెండు ముక్కలు. ఏటీపీ ఒంటరిగా పనిచెయ్యదు, మెగ్నీషియంతో జోడీ కట్టే పనిచేస్తుంది. అందుచేత కణం పెరగాలా వద్దా అన్న తాళంచెవి మెగ్నీషియం చేతిలోనే ఉందని బర్కిలీలో హారీ రూబిన్ 1975లో వాదించాడు. అందరూ ఒప్పుకోలేదు గాని, వాదన మాత్రం ఆసక్తికరమైనది.

ఇప్పుడు తిరగబడే కథ. 1971లో బాక్ అనే శాస్త్రవేత్త కోడి కణాలతో ఒక ప్రయోగం చేశాడు. కొన్ని మామూలు కణాలు, కొన్ని రౌస్ వైరస్ సోకి కేన్సరు కణాలుగా మారినవి. రెండిటికీ కాల్షియం బాగా తగ్గించిన ద్రావణం పోశాడు. మామూలు కణాలు విడిపోవడం ఆపేసి, బుద్ధిగా కూర్చున్నాయి. కేన్సరు కణాలు లెక్క చెయ్యలేదు, పెరుగుతూనే పోయాయి! మనుషుల కణాలతో చేసినప్పుడూ ఇలాంటి ఫలితమే వచ్చింది. కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా మారిన కణాలకి తక్కువే సరిపోయింది.

ఇదెలా? కాల్షియం కణానికి తిండి కన్నా ఎక్కువగా ఒక కబురు. కణం బయట కాల్షియం, లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం కన్నా సుమారు పది వేల రెట్లు ఎక్కువ. కణం రాత్రింబవళ్ళు ఏటీపీ ఖర్చుపెట్టి దాన్ని బయటికి తోస్తూ ఉంటుంది. పెరగమని కబురు వచ్చినప్పుడు తలుపు కాస్త తెరుచుకుని కొంచెం కాల్షియం లోపలికి దూకుతుంది. కాలింగ్ బెల్ మోగినట్టు. మామూలు కణం ఆ గంట కోసం కాచుకుని ఉంటుంది. గంట మోగకపోతే పనిలోకి దిగదు. కేన్సరు కణంలో గంట తీగ లోపల్లోపలే అతుక్కుపోయి ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఇక బయట ఎవరు నొక్కితే ఏమిటి, నొక్కకపోతే ఏమిటి?

ఇంకో సంగతి నేను వారానికి రెండు సార్లు కళ్ళారా చూసేది. సీసా అడుగున చాపలా పరుచుకున్న కణాలని లేపాలంటే, కాల్షియాన్ని పట్టేసే మందు వేస్తాం. రెండు నిమిషాల్లో ఒకదాని చెయ్యి ఒకటి వదిలేసి, గుండ్రంగా బఠాణీ గింజల్లా తేలతాయి. కణాలని ఒకదానితో ఒకటి కలిపి పట్టుకునే కొక్కేలకి కాల్షియమే బిగువు. కేన్సరు కణాల్లో చాలాచోట్ల ఆ కొక్కేలే వదులు. అవి ఒకచోటి నుంచి ఇంకొకచోటికి పాకిపోవడానికి అదీ ఒక కారణం.

దీన్నే సూత్రంగా పట్టుకోకండి. ఎలక చర్మపు కణాలు ఇందుకు విరుద్ధం. కాల్షియం తక్కువగా ఉంటే విడిపోతూ ఉంటాయి, పెంచితే పెరగడం మాని ముదిరి గట్టిపడతాయి. ఇది 1980లో తేలింది. ఒక్కో కణానిది ఒక్కో ఇంటి ఆచారం.

మరి పాలు, పెరుగు తినాలా, మానాలా? ఇవన్నీ గాజు గిన్నెలో జరిగిన సంగతులు. గిన్నెలో కాల్షియం ఎంత ఉండాలో నా ఇష్టం. ఒంట్లో అది మీ ఇష్టం కాదు, నా ఇష్టమూ కాదు. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు కిలో కాల్షియం ఉంటే, అందులో నూటికి 99 పాళ్ళు ఎముకల్లోనే. రక్తంలో ఉండేది బహు కొద్ది, కాని అది వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండేటట్టు గొంతు దగ్గర బఠాణీ గింజంత గ్రంథులు నాలుగు కాపలా కాస్తాయి. మీరు పెరుగన్నం మానేస్తే రక్తంలో కాల్షియం తగ్గదు; ఎముకలోంచి తీసి నింపేస్తుంది శరీరం. నష్టపోయేది ఎముక. కేన్సరు రోగుల్లో కొందరికి రక్తంలో కాల్షియం పెరగడం నిజమే. విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, తికమక దాని లక్షణాలు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కాని అది పాలు తాగినందువల్ల కాదు. గడ్డ విడిచే ఒక రసం వల్లనో, ఎముకకి పాకిన జబ్బు వల్లనో ఎముక కరిగి వచ్చేది.

జింకు సంగతి తీసుకుంటే, అది లేకపోతే పెరుగుదల ఎలా ఆగిపోతుందో చూపించినది మన దేశం మనిషే, బీహారులో పుట్టిన ఆనంద ప్రసాద్. ఆయన 1958లో ఇరాన్‌లో షిరాజ్ ఊరికి వెళ్ళారు. అక్కడ ఒక రోగికి 21 ఏళ్ళు. చూస్తే పదేళ్ళ పిల్లాడు. మీసం లేదు, గొంతు మారలేదు. తినేది పులియబెట్టని గోధుమ రొట్టె, పైగా రోజూ మట్టి. అలాంటివాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. రక్తహీనత ఒక్కటే అయితే ఎత్తు ఆగకూడదు కదా అని ఆలోచించి, జింకు లోపం అని అనుమానించారు. ఆ తరవాత ఈజిప్టులో అలాంటి కుర్రాళ్ళకి జింకు ఇస్తే ఏడాదిలో అయిదారు అంగుళాలు పెరిగారు. ధాన్యం పొట్టులో ఉండే ఫైటేటు అనే పదార్థం జింకునీ ఇనుమునీ పట్టేసుకుని పేగులోకి పోనివ్వదు. పిండి పులిసినా, గింజ మొలకెత్తినా ఫైటేటు తగ్గుతుంది. మన ఇడ్లీపిండి రాత్రంతా పులియడం ఇందుకూ పనికొస్తుంది. మన ఊళ్ళలో మట్టి, సుద్ద, పచ్చిబియ్యం తినే పిల్లని చూసి కొట్టే బదులు రక్తపరీక్ష చేయించాలి అన్నది కూడా ఈ కథలోంచి తీసుకోవచ్చు.

ఇక ఇనుము. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న.

డీఎన్ఏ రాయడానికి కావలసిన అక్షరాలని తయారుచేసే ఎంజైము ఒకటుంది. దాని గుండెకాయలో ఉన్నది ఇనుము. ఇనుము లేకపోతే అక్షరాలు లేవు, అక్షరాలు లేకపోతే రాత లేదు, కణం రెండు కాదు. రక్తంలో ఇనుము ట్రాన్స్‌ఫెరిన్ అనే బండిలో తిరుగుతుంది. బండిని ఆపి సరుకు దింపుకునే గుమ్మాలు కణం మీద ఉంటాయి. వేగంగా విడిపోయే కణాల మీద ఆ గుమ్మాలు ఎక్కువ. చాలా కేన్సరు కణాల మీద మరీ ఎక్కువ. 1969లో ఓక్‌రిడ్జ్‌లో ఎడ్వర్డ్స్, హేస్ అనే ఇద్దరు, హాడ్జ్‌కిన్ జబ్బు ఉన్న రోగికి రేడియోధార్మిక గాలియం ఎక్కించి చూస్తే, అది గడ్డల్లోకి పోయి చేరింది. గాలియం ఇనుములా మారువేషం వేసుకుని అదే బండి ఎక్కుతుంది. దాని మీదనే గాలియం స్కాన్ చాలా ఏళ్ళు నడిచింది. కాబట్టి, "ఇనుము కేన్సరుకి తిండి" అన్న మాటలో నిజం ఉంది.

అయితే ఇనుము ఇంకెవరికి తిండి? ఎముక మూలుగకి. అక్కడ క్షణానికి ఇరవై లక్షలకి పైగా ఎర్ర కణాలు పుడుతుంటాయి. దానికి రోజూ పట్టే ఇనుము 20, 25 మిల్లీగ్రాములు. తిండిలోంచి మనకి ఒంటబట్టేది ఒకటి, రెండు మిల్లీగ్రాములే. మిగతాదంతా పాత కణాలని కరిగించి శరీరం తిరిగి వాడుకునేదే. ఒంట్లో మొత్తం మూడు, నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. ఒక మాత్ర మానేస్తే గడ్డ ఆకలితో చస్తుందా? దానికి గుమ్మాలు ఎక్కువని ఇప్పుడే చెప్పుకున్నాం. పస్తు పెడితే ముందు పస్తుండేది మూలుగే. రక్తం తగ్గిన రోగి కీమోని తట్టుకోవడం కష్టం. తిండిలో ఇనుము తగ్గించి కేన్సరుని తగ్గించినట్టు రుజువు లేదు.

అయినా వైద్యులే ఒక్కోసారి ఇనుము మాత్రలు ఆపుతారు. దానికి కారణం వేరు. జబ్బు వల్ల ఒంట్లో మంట రేగినప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా విడుస్తుంది. అది పేగు తలుపు మూసేస్తుంది, కొట్లో ఉన్న ఇనుముకీ తాళం వేస్తుంది. అప్పుడు మాత్ర మింగితే కడుపునొప్పి తప్ప ఇంకేమీ మిగలదు. అలాంటప్పుడు నరం ద్వారా ఎక్కిస్తారు. అలాగే, పుట్టుకతోనే ఇనుము ఎక్కువగా పేరుకుపోయే జబ్బు ఉన్నవాళ్ళకి కాలేయ కేన్సరు ముప్పు పెరుగుతుందన్నదీ తెలిసిందే. వాళ్ళు మాత్రల జోలికే పోకూడదు. ఎవరికి ఏది అన్నది రక్తపరీక్ష చూసి చెప్పాలి గాని ఫోనులో చెప్పేది కాదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా పెద్దమ్మకి అరవై దాటాక నీరసం, ఆయాసం మొదలయ్యాయి. రక్తం తక్కువుందన్నారు. "ఆడవాళ్ళకి మామూలేగా" అనుకున్నాం. నేనే ఇక్కడి నుంచి ఇనుము మాత్రలు కొని, వచ్చేవాళ్ళ చేత పంపాను. బెల్లం, ఖర్జూరం, మునగాకు, అన్నీ పెట్టారు. కొంచెం తేరుకునేది, మళ్ళీ పడేది. అలా ఏడాది పైన గడిచింది. చివరికి తెలిసింది, పెద్దపేగులో కేన్సరు గడ్డ. అందులోంచి కంటికి కనబడనంత కొద్దికొద్దిగా రక్తం పోతూ వచ్చింది. పోయే రక్తాన్ని మాత్రలతో నింపుతూ కూర్చున్నాం గాని, ఎటు పోతోందని ఎవరం అడగలేదు. కణాలు పెంచే ఉద్యోగం చేసే నేను కూడా. నెలసరి ఆగిపోయిన స్త్రీకి గాని, ఏ వయసు మగవాడికి గాని ఇనుము లోపం వస్తే, అది ఎక్కడినుంచి పోతోందో చూడాలి. కడుపు, పేగు పరీక్ష చేయించాలి. ఇండియాలో ఉన్న మీ అమ్మానాన్నలకి ఈ వారం ఫోన్ చేసినప్పుడు, "నీరసానికి టానిక్ తాగుతున్నాను" అని వాళ్ళు అంటే, ఎన్నాళ్ళ నుంచి అని అడగండి.

ఖనిజాల మాత్రలు వేసుకుంటే కేన్సరు రాదా అన్నది ఇంకో ప్రశ్న. సెలీనియం మీద చాలా ఆశ పెట్టుకున్నారు. ముప్పై అయిదు వేల మందికి పైగా మగవాళ్ళ మీద 2001లో పెద్ద పరీక్ష మొదలుపెట్టారు, ప్రోస్టేటు కేన్సరుని ఆపుతుందేమో అని. ఆపలేదు. 2008లో ఆ మాత్రలు ఆపేయించారు. దానితో పాటు ఇచ్చిన విటమిన్ ఈ వేసుకున్నవాళ్ళలో కేన్సరు కాస్త పెరిగిందని 2011లో తేలింది. మన కాస్ట్కో బండ్లలో ఎన్ని సీసాలుంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ అమ్మాయికి ఇంతా చెప్పాను, సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. తాతగారి సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని వాళ్ళ నాన్నతో ఆంకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. వాళ్ళు వెళ్ళారు. ఆయనకి పరీక్ష చేసి, మాత్రలు మానిపించి ఇనుము నరానికి ఎక్కించారట. తాతగారు ఇప్పుడు మెట్లు ఎక్కుతున్నారని చెప్పింది.

"ఇనుము నిజంగా ఇనుమేనా అంకుల్, మేకు లాగా?" అని కూడా అడిగింది. దీనికి మాత్రం జవాబు నోటితో చెప్పనవసరం లేదు, మీరే చూడొచ్చు. పెట్టె మీద ఇనుము ఎక్కువని రాసి ఉన్న సీరియల్ ఒక కప్పు తీసుకుని, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, మెత్తగా పొడి చెయ్యండి. వేడినీళ్ళు పోసి ఓ అరగంట నానబెట్టండి. బలమైన అయస్కాంతాన్ని సంచి బయటినుంచి ఆనించి, సంచిని మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఉండండి. సీరియల్ పక్కకి జరిగాక అయస్కాంతం దగ్గర నల్లటి సన్నని నుసి మిగులుతుంది. అయస్కాంతాన్ని జరిపితే దాని వెంటే వస్తుంది.